పెరట్లో సముద్రం

రేడియోలో రుక్మాబాయి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. అంతే. ఆ తర్వాత బుసబుస తప్ప ఇంకేమీ లేదు.

అంబాదాస్ ముల్లును అటూ ఇటూ తిప్పాడు. పెట్టెను చరిచాడు. కిటికీలో తెల్లవారుతోంది. ఎండ పడితే అంత దూరపు స్టేషన్ దొరకదు. ఆ పాట మళ్ళీ వేస్తారన్న నమ్మకం లేదు. పాడిన మనిషి, అతని భార్య, పోయిన ఎండాకాలంలోనే జ్వరంతో చనిపోయింది.

బీదర్‌లో సైకిల్ దుకాణం నడిపే అంబాదాస్‌కు దూరపు స్టేషన్లు పట్టడం పెళ్ళికి ముందు నుంచీ ఉన్న పిచ్చి. కొలంబో స్టేషన్ దొరికిన రోజు దుకాణంలో సైకిళ్ళకు గాలి ఉచితం. రుక్మాబాయి బతికుండగా విశాఖపట్నంలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి రేడియోవాళ్ళు ఆమెతో ఒక పాట పాడించి రికార్డు చేసుకున్నారు. ఆమె పోయాక, దాన్ని ఫలానా శుక్రవారం పొద్దున్నే వేస్తారని అక్క కబురు పంపింది.

ఆ కబురు పట్టుకుని అంబాదాస్ రేడియోలు బాగుచేసే శంకరప్ప దగ్గరికి పరిగెత్తాడు.

"సముద్రం ఒడ్డుకు కూసుంటే సులువుగ దొరుకుతది మామా. నీళ్ళ మీద రేడియో అల ఉరుకుతది. మనది ఎర్రరాతి నేల, ఎండిపోయి ఉన్నది."

"మరి ఏం జెయ్యాలె?"

"పెరట్ల ఇనుప కడ్డీ పాతి, రేడియోకు తీగ గుంజు. కడ్డీ మొదట్ల రోజూ ఉప్పునీళ్ళు పొయ్యి. సముద్రం కాడికి నువ్వు పోకుంటే, సముద్రాన్నే ఇంటికి తెచ్చుకో."

ఆ ఏడు పెద్ద కరువు. రాష్ట్రం పేరు ఇంకా మైసూరే, కర్ణాటక కాలేదు. బావుల్లో నీళ్ళు లేవు. అంబాదాస్ కడ్డీకి చెంబుడు నీళ్ళు పోస్తుంటే పక్కింటి భీమవ్వ గోడ మీంచి చూసింది.

"ఏందన్నా, తాగెతందుకు నీళ్ళు లెవ్వు, ఇనుముకు తానం జేపిస్తున్నవ్?"

చనిపోయిన భార్య పాట కోసమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "మంచి జరగాలెనని" అన్నాడు. మర్నాటికి కడ్డీకి పసుపు పూసి ఉంది. ఆపైన నిమ్మకాయలు, గాజులు వచ్చాయి. వానల కోసం ఆడవాళ్ళు మొక్కడం మొదలుపెట్టారు. వాళ్ళు మొక్కుతూ పోసే నీళ్ళతో నేల తడుస్తోంది కదా అని అతను ఊరుకున్నాడు.

ఇంట్లో కష్టం వేరే. కూతురు పోయాక ఇక్కడే ఉండిపోయిన అత్త హన్మమ్మకు ఆ రేడియో కంటగింపు. "మనిషి ఉన్నప్పుడు దాని మాట ఇనలే. ఇప్పుడు డబ్బాల ఏం ఇంటవయ్యా?" అనేది. పైగా వంటలన్నీ చప్పిడి.

"అత్తమ్మా, పప్పుల ఉప్పు లేదు."

"జాడీ ఖాళీ. ఏడికి పోతాందో నాకేం ఎరుక?"

కడ్డీకి పోసే ఉప్పు అతను వేరే కొని దుకాణంలో దాచుకుంటున్నాడు. జాడీలోది దొంగిలించేది భీమవ్వేనని తేల్చేశాడు. గోడ దగ్గర పెద్ద గొడవైంది. వాళ్ళిద్దరికీ మాటలు ఆగిపోయాయి.

అందుకే ఇవాళ పాట ఆగగానే అతను పెరట్లోకి దూకి, తెగి పడిన తీగను చూసి నేరుగా భీమవ్వ మీదికే వెళ్ళాడు. శుక్రవారం కాబట్టి ఆమె అప్పటికే వచ్చి కడ్డీకి కుంకుమ పెడుతోంది.

"తీగ ఎందుకు తెంపినవ్?"

"నేను ముట్టలే. బొట్టు వెట్టిన, గంతే."

"ఉప్పు దొంగవు నువ్వే, తీగ దొంగవు నువ్వే."

"నీ ఉప్పు నాకెందుకన్నా? నా ఇంటి ఉప్పే రోజూ పిడికెడు తెచ్చి పోస్తున్న. నువ్వు పోస్తున్నవ్ గదా, దేవికి ఇష్టమనుకున్న."

పాట వినడానికని బయల్దేరి అప్పుడే వచ్చిన శంకరప్ప కూర్చుని తీగ కొసను పట్టుకున్నాడు. అది వేళ్ళ మధ్య ఎర్రటి పొడిగా రాలిపోయింది.

"ఎవలూ తెంపలే మామా. తుప్పు తిన్నది. ఇంత ఉప్పు వోస్తే ఖిల్లా దర్వాజా గూడ నిలవదు."

బతుకంతా సైకిళ్ళ తుప్పు వదిలించిన మనిషి ఆ పొడి వైపు చూస్తూ నిలబడ్డాడు. కడ్డీ చుట్టూ నేల సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది.

"నేను పిడికెడే పోసిన," అన్నాడు నెమ్మదిగా. "భీమవ్వ ఇంకో పిడికెడు. ఇంత ఉప్పు ఎవలు పోసిన్రు?"

గడపలోంచి హన్మమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఖాళీ జాడీ ఉంది.

"నేనే పోసిన, రోజూ నువ్వు దుకాణానికి పోయినంక," అంది. "ఉప్పు వోస్తే గొంతు మంచిగ ఇనొస్తదని శంకరప్ప తీగ గుంజనీకి ఇంటికి వచ్చిన నాడు నీకు చెప్తుంటే ఇన్న. నీ పిడికెడు ఏం సాలుతదని జాడీలకు జాడీలు కుమ్మరించిన. ఎవల్నీ అనకయ్యా. నా బిడ్డ నోరు మూసింది నేనే."

గోడ మీంచి ఎండ పడింది. లోపల రేడియో ఇంకా బుసకొడుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం పప్పులో ఉప్పు లేదని ఎవరూ అనలేదు.