బెల్లం తిన్న మిద్దె

ఆ సోమవారం కోయిలకుంట్లలో తిరుమలయ్య శెట్టి వంటింటి మీద సిమెంటు మిద్దె పొయ్యాలి. పాత మట్టిమిద్దె కారినప్పుడల్లా బనగానపల్లె ఆడబిడ్డ సుందరలక్ష్మి, "మా వదిన గొడుగు కింద వంట చేస్తాది" అని ఊరంతా చెప్పేది. శుక్రవారం ఆమె రాబోతోంది. ఈసారైనా ఆమె ముందు తలెత్తుకోవాలని తిరుమలయ్య భార్య మహాదేవమ్మ ఆశ.

తిరుమలయ్య కర్నూలు నుంచి ఒక డబ్బా తెచ్చాడు.

"సిమెంటు బిరీన గట్టిపడే మందు ఇది. సున్నంలో బెల్లమూ కరక్కాయా కలిపిన కాలం మాటలు నా కాడ వద్దు!"

మహాదేవమ్మ తలూపింది. కానీ బెల్లం నీళ్ళు తాగని గోడను ఆమె పుట్టింట్లో చూడలేదు. మేస్త్రి ప్రేమయ్య చుట్ట వెలిగించుకోను పోయినప్పుడు, చెంబెడు బెల్లం నీళ్ళు సిమెంటు కలిపే నీళ్ళ తొట్టిలో పోసి, ఏమీ ఎరగనట్టు వచ్చి బియ్యంలో రాళ్ళేరింది.

బుధవారానికీ మిద్దె గట్టిపడలేదు. వేలు పెడితే దిగింది. పైగా చీమలు బారు కట్టాయి.

"డబ్బా మోసం!" అంటూ తిరుమలయ్య కర్నూలు పోయి, మందు అమ్మిన ఏజెంటును రెక్క పట్టుకుని తెచ్చాడు. ఏజెంటు చీమల్ని చూశాడు. ఇంత సిమెంటు నాలిక్కి రాసుకున్నాడు.

"తియ్యగుండాది శెట్టిగారూ! తీపి తగిల్తే సిమెంటు నిద్రపోతాది. బెల్లం ఎవరేసినారు?"

"నేనే. ఒక్క చెంబు" అంది మహాదేవమ్మ, నేల చూస్తూ.

"నువ్వూనా?" అత్త రామసుబ్బమ్మ ముక్కున వేలేసుకుంది. "నీకు తోచదులే అని నేనూ ఒక చెంబు పోస్తి గదమ్మా!"

ప్రేమయ్య తలగుడ్డ సర్దుకున్నాడు. "మా నాయన నాటి అలవాటు. చెయ్యి ఊరకుండలే."

తిరుమలయ్య అరవబోయాడు. అంతలో తల్లి అడిగింది: "మరి దేవుని గూట్లో బెల్లం అచ్చు యాడికి పాయెరా?"

తెరిచిన నోరు మూతపడింది. "మందు పనిజెయ్యకుంటే ఎట్లా అని... ఒక్క అచ్చేమ్మా."

"తడుపుతా ఉండండి. నిదానంగా బిగుస్తాది" అని ఏజెంటు బస్సెక్కాడు.

శుక్రవారం రానే వచ్చింది. సుందరలక్ష్మి వద్దన్నా వినకుండా నిచ్చెనెక్కి మిద్దె మీద కాలు పెట్టింది. మడమ దిగబడింది.

"ఇదేం మిద్దె వదినా, పాయసమా?"

మహాదేవమ్మ రెప్ప వెయ్యలేదు. "ఇంటి ఆడబిడ్డ పాదం పడనిదే మిద్దె గట్టిపడనిస్తామా తల్లీ? నీ కోసమే ఆపినాం."

సుందరలక్ష్మి కళ్ళు చెమర్చాయి. రెండో పాదమూ తానే అద్దింది. గొడుగు మాట మరిచిపోయి, బనగానపల్లె అంతా ఆ పాదాల కథే చెప్పింది.

మిద్దె తర్వాత రాయిలా బిగిసింది, చుక్క కారలేదు. చీమలకు మాత్రం ఇంకా నమ్మకం పోలేదు.