ఆధారం అనే గడి

ఆ రోజు ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి నికెల్ సూపర్ అల్లాయ్ దిమ్మె ఫర్నేసులోకి వెళ్లాలి, పదకొండింటికి ప్రెస్ కింద నలిగి ఇంజిన్ చక్రంగా మారాలి, ఒంటిగంటకు అందరూ భోజనానికి కూర్చోవాలి. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే వచ్చిన దిమ్మె అది. రెండోది లేదు.

ఫర్నేసు బాధ్యత ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఒకావిడది. ఆమె కూతురి భర్తే ఆ వర్క్‌షాపుకు ఇంజినీరు. దిమ్మె లోపలికి వెళ్లగానే ఆమె అల్లుడికి చెప్పవలసింది చెప్పింది.

"పదకొండు వందల పది డిగ్రీల దగ్గర బయటికి తియ్యాలి బాబూ. వెయ్యికి దిగితే ప్రెస్ ఆపెయ్యాలి, లేకపోతే బీటలిస్తుంది. ఎక్కువసేపు లోపల ఉంచామా, లోహం గింజ ముదిరి బలం తగ్గిపోతుంది."

పని వివరాలు రాసే జాబ్ కార్డులో ఈ అంకెల పక్కన 'ఆధారం' అనే గడి ఒకటి ఉంది. అల్లుడు అందులో నిజాయితీగా 'మా అత్తగారు' అని రాశాడు. నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్ దాన్ని నిలువునా కొట్టేశాడు.

"ఇంట్లో మాట ఇంట్లోనే ఉంచండి సార్. అచ్చులో ఉన్నది తెండి."

అచ్చయిన కాగితం ముందు చదువుకున్న పురుషులు చూపే వినయంలో సగం ఎదుట నిలబడిన మనిషి ముందు చూపినా, లోకంలో ఎంతో లోహం తుక్కు కాకుండా మిగిలేది.

ఇంజినీరు లైబ్రరీకి పరుగెత్తాడు. లైబ్రేరియన్ తీసిచ్చిన హ్యాండ్‌బుక్కులో పట్టిక ఉంది కాని, అంకెలు ఉండవలసిన చోట ఒక పాత నివేదిక చూడమని ఉంది. నివేదిక బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి గుమాస్తాతోపాటు సెలవులో ఉంది. ఫిట్టరు వచ్చి గ్రైండర్‌తో తాళం కోశాడు. రవ్వలు చెత్తబుట్టలో పడి పొగ లేచింది, పొగకు ఫైర్ అలారం మోగింది, ఆ మోతకు నాలుగు వందల మంది ఆవరణలోకి వచ్చి వరుసకట్టారు. ఇంజినీరు వరుసలో నిలబడే నివేదిక తిరగేశాడు. అందులో ఒక థీసిస్ చూడమని ఉంది. లైబ్రేరియన్ నిట్టూర్చి ఫోన్‌లో దాన్ని వెతకసాగింది.

హాజరు వేస్తే ఇద్దరు తక్కువయ్యారు: అత్తగారూ, నిప్పుకంటే ఆమెకే ఎక్కువ భయపడే ప్రెస్ ఆపరేటరూ.

అందరూ లోపలికి వచ్చేసరికి చక్రం నేలమీద చల్లారుతోంది. బీట అన్నది లేదు.

"లోహం మీ కాగితం కోసం ఆగుతుందా బాబూ?" అందావిడ, చేతి తొడుగులు విప్పుతూ.

"ఆధారం లేకుండా కొట్టింది తుక్కు కిందే లెక్క" అని ఇన్‌స్పెక్టర్ ఆ గుర్తు వేసే ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు. కుంచె చక్రాన్ని తాకబోతుండగా లైబ్రేరియన్ ఆయాసపడుతూ వచ్చి ఫోన్‌లోంచి చదివింది. పదకొండు వందల పది, వెయ్యి. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ఈ విలువలు మొదట చెప్పినది ఈ కర్మాగారపు ఫర్నేసు బాధ్యురాలు, రచయిత కొలిచి సరిచూశాడు.

అత్తగారికి ఆ రచయిత గుర్తొచ్చాడు.

"బక్కగా ఉండేవాడు. వారం రోజులు నా బల్లమీదే కూర్చుని రాసుకున్నాడు. అడిగినవాడు వాడొక్కడే."

ఇన్‌స్పెక్టర్ డబ్బా మూత బిగించి, ఆధారం గడిలో థీసిస్ పేరూ పేజీ సంఖ్యా రాసి సంతకం చేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూరలో ఉప్పు సరిపోయిందని అత్తగారు ప్రకటించినప్పుడు, అల్లుడు ఆధారం అడగలేదు.