కోరుట్ల దారిలో పొగమబ్బు

ఆ పొద్దు దేవేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగి జగిత్యాలలో బయల్దేరాలి. కోరుట్ల సర్కారు బడి గోడకు గాలిని కొలిచే డబ్బా బిగించాలి. అక్కడి పిల్లలకు, వీడియోలో ఫిన్లండ్ నుంచి చూసే మార్యా మేడంకు కలిపి ఒక పాఠం చెప్పాలి. మధ్యాహ్నం అన్నానికి ఇల్లు చేరాలి.

అతను ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం కాలేజీలో పర్యావరణ ఇంజనీరింగ్ చెబుతాడు. ఆ విశ్వవిద్యాలయమూ, ఫిన్లండ్‌లోని ఇంకొకటీ కలిసి ఈ పరిశోధన మొదలుపెట్టాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల్లో డబ్బాలు పెడతారు. అవి కొలిచిన గాలి సంగతులు 'ఊపిరి' అనే యాప్‌లో మ్యాపు మీద కనిపిస్తాయి. గాలి బాగుంటే ఆకుపచ్చ, చెడిపోతే ఎర్రని మబ్బు. మరీ చెడిపోతే పిల్లల తల్లిదండ్రుల ఫోన్లకు హెచ్చరిక పోతుంది. ప్రస్తుతానికి మూడు ఊళ్లకూ కలిపి వచ్చింది ఒక్క డబ్బానే. ఫిన్లండ్ వైపు ప్రాజెక్టు చూసే మార్యా మేడంకు ఈ పాఠం నచ్చితే మిగతావి వస్తాయి. నచ్చకపోతే ప్రాజెక్టే ఇంకో దేశానికి పోతుంది.

బయల్దేరే ముందు దేవేందర్ డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టి మీట నొక్కాడు. పక్కనే అతని భార్య ప్రవళిక ఎండుమిరపకాయలు పోపు వేస్తోంది. డబ్బా కొలత అందుకుని అతని ఫోన్లోని యాప్ కెవ్వుమంది.

"గదేంది, నా పోపుకు గింత లొల్లి చేస్తుంది?" అంది ప్రవళిక దగ్గుతూ.

"లొల్లి కాదు, సైన్సు," అన్నాడు దేవేందర్ కళ్లు తుడుచుకుంటూ. "ఇగో, బంద్ చేసిన."

అతను బంద్ చేసింది ఫోన్లో యాప్ అరుపును. డబ్బా మాత్రం తన బ్యాటరీతో, తన సిమ్‌తో నిశ్చింతగా పని చేస్తూనే ఉంది. దాన్ని ఒక గుడ్డసంచిలో వేసి, స్కూటర్ వెనక స్టెప్నీకి కట్టాడు. ఆ స్కూటర్ పాతది. స్టార్ట్ చేస్తే ముందు పొగలో వాడకట్టంతా కనపడదు, తర్వాత మెల్లగా కనపడుతుంది. పర్యావరణం చెప్పే మనిషికి అది తగదని అతనికీ తెలుసు. అందుకే కాలేజీ గేటుకు దూరంగా ఆపి నడుచుకుంటూ లోపలికి పోయేవాడు.

ఊరు దాటగానే సిరిసిల్ల నుంచి నాహీద్ ఫోన్ చేసింది. ఆమె అదే ప్రాజెక్టులో కంప్యూటర్ పని చూసే అధ్యాపకురాలు.

"సార్, డబ్బ పెట్టిండ్రా?"

"పెట్టిన, పెట్టిన," అన్నాడు, సంచిలో పెట్టిన సంగతి గుర్తు చేసుకుని.

గోడకు పెట్టాడని నాహీద్ అర్థం చేసుకుంది. కాసేపటికి ఆమె ముందున్న తెర మీద జగిత్యాల దగ్గర ఎర్రని మబ్బు పుట్టి, కోరుట్ల దిక్కు నడవడం మొదలుపెట్టింది. గాలివాటాన్ని లెక్కగట్టి యాప్ అలా గీస్తోందేమో అనుకుని ఆమె హడలిపోయింది. ఈలోగా హెచ్చరికలు వాటంతట అవే తల్లిదండ్రుల ఫోన్లకు పోయాయి. కోరుట్ల తల్లులు వాటిని దుబాయిలో ఉన్న భర్తలకు పంపారు. దుబాయి నుంచి అవి దారి పొడవునా ఉన్న ఊళ్లకు తిరిగి వచ్చాయి, ఇంకో రెండు మాటలు కలుపుకుని.

దేవేందర్ మేడిపల్లిలో చాయ్ కోసం ఆగాడు. హోటల్ ముందు పోశవ్వ అనే ముసలమ్మ ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"సారూ, మా కొడుకు దుబాయి నుంచి ఫోన్ చేసిండు. ఇసపు పొగ అస్తుందట, ఇంట్లకు పోయి తలుపేస్కొమ్మన్నడు. నిజమేనా?"

దేవేందర్ నవ్వి, యాప్ తెరిచి చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఎర్రని మబ్బు సరిగ్గా మేడిపల్లి మీద ఉంది. అదే క్షణాన నాహీద్ ఫోన్.

"సార్, యాడున్నరు? మబ్బు మేడిపల్లిల నిలవడ్డది!"

"నేను గూడ మేడిపల్లిలనే ఉన్న!"

"ఉర్కుండ్రి సార్!"

తన జీవితంలో చదువు పనికొచ్చే ఘడియ వచ్చిందని దేవేందర్‌కు అనిపించింది. గొంతు సవరించుకున్నాడు. "అందరు మూతికి తడిబట్ట కట్టుకోండ్రి! కిటికీలు మూసుకోండ్రి! భయపడకుండ్రి, నేను యూనివర్సిటీ నుంచి అచ్చిన!" అని అరిచి, తన మూతికి తడి రుమాలు కట్టుకుని స్కూటర్ తన్నాడు. హోటల్ వాళ్లు, పోశవ్వ, రోడ్డు మీది మేకలు నల్లని పొగలో మునిగిపోయారు.

"అయ్యో, నిజంగనే అచ్చెనే!" అని వెనక నుంచి పోశవ్వ కేక వినిపించింది.

వేగం పెంచాడు. పొగ పెరిగింది. మ్యాపు మీద ఎరుపు ముదిరింది. మబ్బును ముందుకు పోనిద్దామని తెలివిగా పక్కనున్న పొలాల బాటలోకి తిరిగి, ఒక మోటరు గది వెనక నక్కాడు. ఫోన్ చూస్తే మబ్బు కూడా పొలాల బాట పట్టి, మోటరు గది దగ్గర ఆగింది. గాలి ఇలా మలుపు తిరగడం ఏ పుస్తకంలోనూ చదవలేదే అని ఆశ్చర్యపోయాడు. దీని మీద ఒక వ్యాసం రాయాలని కూడా అనుకున్నాడు. మళ్లీ రోడ్డెక్కి, ప్రతి ఊళ్లో ఆగి జాగ్రత్తలు చెబుతూ, చెప్పిన ప్రతి చోటా పొగ వదులుతూ కోరుట్ల చేరాడు.

బడి ముందు పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రుల గుంపు. అందరికంటే ముందు ఫక్రుద్దీన్ ఉన్నాడు. అతనికి బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం.

"సార్ అచ్చిండు, జరుగుండ్రి!" అని అతనే దారి చేశాడు.

ప్రధానోపాధ్యాయుడు బాలకిషన్ ట్యాబ్ పట్టుకుని ఎదురొచ్చాడు. "సార్, మబ్బు బడిలకు అచ్చేసింది."

"ఎటు దిక్కు?"

బాలకిషన్ ట్యాబ్ చూశాడు, దేవేందర్‌ను చూశాడు. "సార్, ఏమనుకోకుండ్రి. జర మీ బండి గా గేటు దాంక తోల్కపోండ్రి."

దేవేందర్ తోలాడు. ట్యాబ్‌లో మబ్బు గేటు దాకా పోయింది.

"ఇప్పుడు మల్ల ఇటు రాండ్రి."

మబ్బు మళ్లీ ఇటు వచ్చింది. జనం నాలుగు అడుగులు వెనక్కి తగ్గారు. దేవేందర్ మెల్లగా స్కూటర్ దిగి స్టెప్నీ దగ్గరికి పోయాడు. గుడ్డసంచి విప్పాడు. మసి పట్టిన డబ్బా మీద పచ్చలైటు మిణుకు మిణుకుమంటోంది. దాని కిందే, జానెడు దూరంలో, సైలెన్సర్.

"అంటె, గా మబ్బు మీరేనా సార్?" అన్నాడు ఫక్రుద్దీన్. "పొద్దుగాల పొద్దుగాల దుకాణం బంద్ చేసి అచ్చిన గద!"

"నేనే, ఫక్రుద్దీన్ భాయ్," అన్నాడు దేవేందర్ రుమాలు విప్పుతూ. "జగిత్యాలల మొదలువెట్టి నా నుంచి నేనే ఉరుక్కుంట అచ్చిన."

తరగతి గదిలోని పెద్ద తెర మీద అప్పటికే మార్యా మేడం ఉన్నారు. పక్కన ఇంకో చిన్న గడిలో సిరిసిల్ల నుంచి నాహీద్, మరో గడిలో కాలేజీ ప్రిన్సిపాల్ వీరేందర్. ప్రిన్సిపాల్ ముఖం చూస్తే ప్రాజెక్టుతో పాటు ఉద్యోగం కూడా పోయేలా ఉంది. నలభై స్లయిడ్ల పాఠం దేవేందర్ మెదడులోంచి ఎగిరిపోయింది. ఇంకేం దాస్తాడు? మిరపకాయల పోపు దగ్గర మొదలుపెట్టి మోటరు గది దాకా జరిగిందంతా చెప్పేశాడు. కాలేజీ గేటుకు దూరంగా బండి ఆపే సంగతి కూడా నోరు జారింది. నాహీద్ అదంతా మేడంకు ఇంగ్లీషులో చెబుతూ పోయింది.

పిల్లలు ముందు నవ్వారు. తర్వాత రచన అనే అమ్మాయి లేచి నిలబడింది. "సార్, గా డబ్బ మా బాపు బండికి గూడ పెట్టి చూద్దమా?"

అంతే, తరగతి మొత్తం బయటికి ఉరికింది. భయంతో వచ్చిన తల్లిదండ్రుల బండ్లన్నీ గేటు ముందు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి డబ్బా పట్టి, ఏది ఎంత ఎర్రగా ఉందో పిల్లలు గట్టిగా చదువుతుంటే, ఒక్కో తండ్రి తల వంచుకున్నాడు. ఫక్రుద్దీన్ బండి ఆకుపచ్చ చూపించేసరికి అతను దుకాణం సంగతి మరిచిపోయి అందరికీ చేతులు ఊపాడు. బాలకిషన్ కారు వంతు వచ్చేసరికి ఆయనకు అర్జెంటు పని గుర్తొచ్చింది.

దేవేందర్ తిరిగి గదిలోకి వచ్చేసరికి, మ్యాపులో ఇదంతా చూసిన మార్యా మేడం తెర మీద కుర్చీలోంచి లేచి ఆగకుండా మాట్లాడుతున్నారు. ఆ వేగానికి దేవేందర్‌కు ఆ ఇంగ్లీషు సగమే అందింది.

"నాహీద్, ఏమంటున్నది? ప్రాజెక్టు బంద్ అన్నదా?"

"లేదు సార్. గింత మంచి పాఠం ఎన్నడు చూడలేదట. మిగతా డబ్బలన్ని పంపుతదట."

దేవేందర్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "మేడంకు చెప్పు. రేపే గీ స్కూటర్ అమ్మేస్త. కరెంటు బండి కొంట. మాట."

నాహీద్ ఆ మాట చెప్పింది. అవతల మార్యా మేడం రెండు చేతులూ అడ్డంగా ఊపారు. నాహీద్ కాసేపు విని, నవ్వు ఆపుకుంటూ ఇటు తిరిగింది.

"అమ్మొద్దంటున్నది సార్. బాగు గూడ చేయించొద్దట. దీని మబ్బు ఎండకాలం ఎట్ల పోతది, చలికాలం ఎట్ల పోతది అని అక్కడి పిల్లలు, ఇక్కడి పిల్లలు రోజు మ్యాపుల చూస్తరట. రెండేండ్లు మీరు గిదే బండి మీద, గిదే తొవ్వల తిరగాల్నట."

వారం తిరక్కముందే ప్రిన్సిపాల్ వీరేందర్ సంతకంతో ఉత్తర్వు వచ్చింది. పర్యావరణ పరిరక్షణ నిమిత్తం దేవేందర్ ప్రతి పనిదినం క్రమం తప్పకుండా పొగ విడవాలని అందులో ఉంది.