జ్వరం లేని ఆశ్రమం

జ్వరాన్ని రూపుమాపడానికి మందులు అక్కర్లేదు. తగిన థర్మామీటరు ఉంటే చాలు. నమ్మరా? బెర్గెన్ నగరానికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరి వృద్ధాశ్రమాన్ని చూడండి. నెల రోజుల పాటు అక్కడ ఒక్కరికీ జ్వరం రాలేదు.

ఈ ఘనత మేనేజర్ హాల్వర్‌ది. ఒళ్లు ముట్టుకోకుండా, నుదుటికి ఎదురుగా పట్టుకుని మీట నొక్కితే వేడి చెప్పే కొత్త మిషన్లు తెప్పించాడు. అవి అందరికీ సెల్సియస్‌లో ఒకే అంకె చూపించేవి: ముప్పయ్యారు పాయింట్ ఆరు. పక్కన పచ్చలైటు. ఇంతకన్నా సమానత్వం ఏ దేశంలో ఉంది?

సీనియర్ నర్సు గున్‌వోర్‌కు మాత్రం ఈ సమానత్వం మింగుడుపడలేదు. గురువారం భోజనాల వేళ, పొగలు కక్కుతున్న బంగాళాదుంప ముద్దకు మిషన్ గురిపెట్టింది. ముప్పయ్యారు పాయింట్ ఆరు. కిటికీ అంచున వానలో తడుస్తున్న సీగల్ పక్షికి పెట్టింది. అదీ ఆరోగ్యంగానే ఉంది.

"ముద్దకు జ్వరం లేదండీ, తినొచ్చు" అంది హాల్వర్‌తో.

"నువ్వు నర్సువా, వంటమనిషివా?" అన్నాడాయన.

ఆ పూట టోర్లైఫ్ ముద్ద ముట్టలేదు. ఎనభై ఆరేళ్ల ఆ పాతకాపు జాలరి ప్రతి గురువారం "ఇది ముద్దా, లంగరా?" అని వంటవాళ్లను తిట్టి మరీ రెండు తింటాడు. ఇవాళ తిట్టనే లేదు. గున్‌వోర్ దగ్గరకెళ్లింది. నుదుటి మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. మిషన్ పచ్చగా వెలుగుతోంది.

సొరుగులోంచి పాత థర్మామీటరు తీసింది.

"మిషన్ బాగున్నానందిగా అమ్మాయ్" అని గొణిగాడు టోర్లైఫ్.

"పక్షిని కూడా బాగుందనే అంది. నాలుక కింద పెట్టుకుని నోరు ముయ్యండి."

ముప్పైతొమ్మిది దాటింది. డాక్టరు వచ్చి నిమోనియా అన్నాడు. మందులు పడ్డాయి. ఐదో రోజు టోర్లైఫ్ కాఫీ కుడితిలా ఉందని తిట్టాడు. గున్‌వోర్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

హాల్వర్ ఊరుకుంటాడా? విచారణ జరిపి రిపోర్టు రాశాడు. 'కొత్త మిషన్లతో నెల రోజులు చూస్తే జ్వరాలు సున్నా. పాత థర్మామీటరుతో ఒక్కసారి చూస్తే ఒక జ్వరం. కాబట్టి జ్వరానికి కారణం పాత థర్మామీటరే.' తప్పు పట్టండి చూద్దాం! ఆ థర్మామీటరును తన బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ తర్వాతి వారమే ఆయన కోటు మీద కోటు వేసుకుని, వణుకుతూ నర్సుల గదికి వచ్చాడు. గున్‌వోర్ మర్యాదగా కొత్త మిషన్ పట్టింది.

"ముప్పయ్యారు పాయింట్ ఆరు. మీటింగుకి వెళ్లొచ్చండి."

హాల్వర్ తలుపు దగ్గరగా వేసి, బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు.

ఆమె ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. నేనూ ఎవరికీ చెప్పను, మీకు తప్ప.