స్టేటస్‌లో పడిన నీళ్లు

బోరులో నీళ్లు పడ్డాయని కబురొస్తే బుద్ధిమంతులు ఏం చేయాలి? చెప్పుల్లేకుండా పొలానికి పరిగెత్తాలా? ఛ! అదంతా పాతకాలం. పోస్టర్ చేయాలి!

నేను అదే చేశాను. పొద్దున పెనం మీద దోసె ఉండగా మా ఆయన భూపేష్ ఫోన్ చేశాడు. వెనక రిగ్గు మోత. "శిల్పా! నీళ్లు! నీళ్లు పడినాయి! మా నాయిన ఏడుస్తాండాడో నవ్వుతాండాడో ఆయప్పకే తెల్దు!" అని ఒకటే కేకలు. దోసె మాడింది. మాడితే మాడనీ! కాళ్ల పారాణి ఇంకా ఆరనే లేదు, ఇంత పెద్ద కబురును మొగుడు ఊరందరికంటే ముందు నాకు చెప్పాడు. ఆ సంతోషం ముందు దోసె ఒక లెక్కా?

ఆలూరు దగ్గరి ఈ నల్లరేగడి పల్లెకు నేను కడప నుంచి కోడలిగా వచ్చాను. వచ్చీ రాగానే తెలిసిన సంగతేమిటంటే, మా మామ పుల్లయ్యకు ఊళ్లో ఇంకో పేరుంది: దుమ్ము పుల్లయ్య. ఆయన వేయించిన బోర్లన్నీ నీళ్లకు బదులు దుమ్మే చిమ్మాయి మరి! ఎదురుగా ఎవరూ అనరు. వెనక అననివాళ్లు లేరు. అందుకే ఈసారి రిగ్గు వస్తోందనగానే ఆయన ఒకే మాట అన్నాడు. "నీళ్లు పడితే ఊరంతా వచ్చి చూడల్ల. ఆ పేరు ఆ నీళ్లల్లోనే కొట్టుకోని పోవల్ల."

ఊరంతా రావాలంటే ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడమనిషి కుంకుమ భరిణె పట్టుకొని గడపగడపకూ పోయి బొట్టు పెట్టి పిలవాలి. వచ్చినవాళ్లు కొత్త నీళ్లు దోసిట్లో పట్టి తాగి, ఉప్పనో తీపనో తీర్పు చెప్పి, బెల్లం బొరుగులు తిని పోతారు. మా అత్తమ్మ కృష్ణవేణమ్మ అప్పటికే మడత చీర కట్టుకొని, భరిణె పట్టుకొని గడప దాటుతోంది.

"ఈ ఎండలో ఎందుకత్తమ్మా! కూచోండి. నిమిషంలో ఊరంతా తెలిసేటట్టు చేస్తా" అని చెయ్యి పట్టి ఫ్యాను కింద కూర్చోబెట్టాను.

"బొట్టు పెట్టకుండా ఎట్ల పిలుస్తావే?"

"నేను కాదు, ఏఐ పిలుస్తాది."

"అదెవురింటి పిల్లే?" అంది అత్తమ్మ.

ఆ పిల్ల గుణగణాలు ఏమని చెప్పను! ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు, టీ అడగదు, పుట్టింటికి పోతాననదు. మా మామ ఫొటో ఒకటి ఇచ్చి, పక్కన బోరు పెట్టి నీళ్లు చిమ్మించమన్నాను. తక్షణమే ఆయనకు పట్టు పంచె కట్టింది. ఎండకు కమిలిన రంగు కడిగేసింది. బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిపించింది. మా వైపు వేసిన గింజ మొలవాలంటే వానదేవుడి కాళ్లు పట్టుకోవాలి. ఏఐకి ఆ బాధే లేదు!

మాది మెట్టపొలమని విడమరిచి చెప్పాను. వరిమళ్లు పెట్టింది, కొబ్బరిచెట్లు పెట్టింది, మడుగులో హంసలను వదిలింది. కొబ్బరిచెట్లు వద్దమ్మా అంటే క్షమించమని చెప్పి ఇంకో వరుస నాటింది. పోనీలే, పచ్చదనం కళ్లకు మంచిది! ఎద్దుకు ఐదు కాళ్లు వచ్చాయి. దుక్కి త్వరగా అవుతుందిలే అని ఉండనిచ్చాను. ఇక నీళ్లంటారా, బోరులోంచి లేచి మబ్బులను తడిపాయి!

ఈ విద్య ఊరికి నేను కొత్తగా తెచ్చిందేమీ కాదు. వీధి చివరి శివశంకర్ పుట్టినరోజు పోస్టర్‌లో సింహాన్ని వెంటబెట్టుకొని నడిచాడు. నిజానికి ఆయన పక్కింటి కోడిపుంజుకు భయపడి దొడ్డిదారిన పోతాడు. వెంకటేశ్వరమ్మ మనవడికి పేరు పెట్టినప్పటి పోస్టర్‌లో పసికందుకు నోటినిండా పళ్లు! ఓబుళేశు తాత పోయినప్పటి పోస్టర్ చూడాల్సింది. బెలూన్ల మధ్య చెయ్యి ఊపుతూ తాత ఎంత హుషారుగా ఉన్నాడంటే, సగం మంది హ్యాపీ బర్త్‌డే అని పెట్టారు. చావును కూడా ఇంత కళకళలాడించే సాధనం వరం కాక మరేమిటి?

నా పోస్టర్ స్టేటస్‌లో పెట్టగానే చప్పట్లు, దండాలు, ఎర్రటి గుండెలు కురిశాయి. కొందరైతే మంచుకొండల మీద మా మామకు పూలదండ వేయించి తిరుగు పోస్టర్లు పంపారు. ఊరంతా చూసింది! ఎవరికీ ఎండ తగల్లేదు, ఎవరి కాలికీ బురద అంటలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, మధ్యాహ్నం సద్ది కట్టుకొని పొలానికి బయల్దేరాను. దారిలో గంగక్క తన అరుగు మీద కూర్చొని సెనక్కాయలు ఒలుస్తోంది.

"చూడను పోయొచ్చినావా గంగక్కా?" అన్నాను గర్వంగా.

"ఫోన్లోనే చూస్తి గదమ్మా! శానా బాగుండాది బొమ్మ. హంసలు గూడా ఉండాయే!"

"బొమ్మ కాదక్కా, నిజంగానే పడినాయి!"

"ఊరుకోమ్మా, ఎవురికి చెప్తాండావు? నిజంగా పడింటే కృష్ణవేణమ్మ బొట్టు పెట్టి పిలవకుండా ఉంటాదా? మీ మామకు నెత్తిన అన్ని వెంట్రుకలు మొలిచింది నిజమైతే, ఆ నీళ్లూ నిజమే!" గంగక్క కాయలు పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఇన్నాళ్లూ దుమ్ము పుల్లయ్య. ఇంగ ఏఐ పుల్లయ్య అంటాండారు ఊళ్లో!"

పొలానికి చేరేసరికి రిగ్గు ఇంకో ఊరికి వెళ్లిపోయింది. బోరు గొట్టానికి మూత బిగించారు. భూపేష్ మోటారు కోసం ఆలూరు పోయాడు. పక్కన గుంటలో బూడిదరంగు బురద అంచుల నుంచి ఆరిపోతోంది. తల నుంచి కాళ్ల దాకా అదే బురద ఎండి అంటుకుపోయిన మా మామ, బొరుగుల మూట ఒళ్లో పెట్టుకొని దారి వైపే చూస్తున్నాడు. మూట ముడి ఇంకా విప్పలేదు.

"ఒక్కరూ రాలేదేమ్మా?" అన్నాడు నన్ను చూసి.

జరిగింది చెప్పాను. కొత్త పేరు సంగతీ దాచలేకపోయాను. ఆయన ఒళ్లో మూట తీసి పక్కన పెట్టాడు. తర్వాత రిగ్గు పోకముందు పట్టిపెట్టుకున్న బిందెలోంచి చెంబుతో ముంచి నా చేతికిచ్చాడు.

"నువ్వు సంతోషం కొద్దీ చేస్తివిలే. తాగు. మనూళ్లో ఫస్టు నువ్వే తాగుతాండావు."

తాగాను. కొంచెం మట్టి, అడుగున తీపి. ఎలా ఉన్నాయంటే చెప్పలేను, స్టేటస్‌లో పట్టవు.

అయినా నా మాట నాదే! ఏఐ వరమే. పాతాళం నుంచి తన్నుకొచ్చిన నీళ్లను ఒక్క పూటలో ఊరి కళ్ల ముందే ఇంకించేయడం మా ఎండల వల్ల కూడా అయ్యే పనా? మా మామకు ఒక పేరు రావడానికి ఏళ్లు పట్టింది. రెండో పేరు మధ్యాహ్నం సద్ది వేళకల్లా ఇప్పించింది!

రేపు మోటారు దింపుతున్నారు. "మళ్లా పిలిస్తే నవ్వుతారు, ఒద్దులేమ్మా" అంటున్నాడు మామ. నవ్వనివ్వండి. తెల్లారగానే అత్తమ్మ భరిణె పట్టుకుంటుంది, నేను ఆ నీళ్ల బిందె చంకనెత్తుకుంటాను. కొత్త కోడలిగా ఈ ఊళ్లో నేను పెట్టే మొదటి బొట్టు గంగక్కకే. బొట్టు పెట్టి, దోసిట్లో నీళ్లు పోసి, ఉప్పో తీపో చెప్పేదాకా ఆమె అరుగు దిగను.

ఫోను ఇంట్లోనే, బియ్యం డబ్బాలో ఉంటుంది.