కాలని ఫైలు

“ఇకమీదట మన రాష్ట్రంలో ఏ ఫైలూ కాలదు!” అని రికార్డుల శాఖ మంత్రివర్యులు సదాశివ గారు ఏ.ఎస్. రావు నగర్ సభలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఆ మైకు నాదే, షామియానా నాదే. సికింద్రాబాద్‌లో ఏ పార్టీ సభయినా ఈ ఇమాం వలీ టెంట్‌హౌస్ లేకుండా జరగదు. మంత్రిగారి హయాంలో చాలా రికార్డు రూములు కాలిపోయాయి. ప్రతిసారీ షార్ట్ సర్క్యూటే. ప్రతిసారీ ఆయన స్వయంగా వెళ్లి కళ్లు తుడుచుకున్నారు. అంత సున్నితమైన మనిషి.

అల్వాల్‌లో నా వంద గజాల ప్లాటు చుట్టూ మంత్రిగారి బామ్మర్ది కంచె వేసుకున్నాడు. అది నాదేనని చెప్పే ఫైలు మాత్రం అల్లా దయవల్ల ఇంకా కాలలేదు. అందుకే ఫైళ్లను ఇక కాలని డబ్బాలో దాస్తారని ఆ సభలో వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

దాన్ని సాలిడ్ స్టేట్ డ్రైవ్ అంటారట. లోపల తిరిగే చక్రం ఉండదు, అన్నీ చిప్పులే. వాటికీ కంప్యూటర్‌కీ మధ్య మాట నడిపే చిప్పును డిజైన్ చేసింది దేవకృప మేడం. మంత్రిగారు ఊఁ అంటే ఆవిడ ల్యాబు నిలుస్తుంది, లేదంటే తాళమే. అల్వాల్ ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించారు. కాగితాలను మంత్రిగారి ఆర్డరు మీద ముందే తూకానికి వేసేశారు.

ఆ సభలోనే మేడం అందరి ముందూ డ్రైవ్ ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టారు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను ఆపుకోలేక ఈల వేశాను. మంత్రిగారి ముఖం మాత్రం వాడిపోయింది.

“కరెంటు పోయినా పోవా అమ్మా?”

“పోవండి.”

“షార్ట్ సర్క్యూట్ అయితే?”

“ప్రొటెక్షన్ ఉందండి. కిందపడినా ఏం కాదు.”

“గిట్లయితే ఎట్లమ్మా!” అని ఆయన నుదురు తుడుచుకున్నారు.

పీఏ భద్రయ్య ముందుకు వంగాడు. “మేడం, మనమే తీసెయ్యాలంటే తక్లీఫ్ అయితదా?”

“లేదండి. చిప్పులోనే ఎరేజ్ కమాండ్ ఉంది. రెప్ప వేసేలోపు అంతా ఖాళీ. మళ్లీ ఎవరూ తేలేరు.”

మంత్రిగారు లేచి తన మెడలో దండ తీసి ఆవిడ చేతిలో పెట్టారు. “గిదే గదమ్మా టెక్నాలజీ అంటే! పొగ లేదు, ఫైరింజను లేదు. శాంక్షన్!”

వారం తిరక్కుండా అల్వాల్‌లో ప్రారంభోత్సవం. మన దగ్గర మంత్రి బటన్ నొక్కనిదే ఏదీ ప్రారంభం కాదు. డ్రైవ్ ఎప్పుడో నడుస్తోంది, బటన్‌తో పనిలేదని మేడం మొత్తుకున్నారు.

“పెద్దసారు ఉత్త బటన్ నొక్కుతడా? ఏదో ఒక కమాండ్ పెట్టున్రి. మీ తాన ఒకటున్నది గద,” అన్నాడు భద్రయ్య.

మేడం ముఖం పాలిపోయింది. “అందులో జనం ఫైళ్లున్నాయండీ!”

“మీ ల్యాబు సుత ఉన్నది గద మేడం.”

ఆవిడ కళ్లనీళ్లు కుక్కుకుంటూ బటన్ బిగించారు.  మైకు వదిలేసి స్టేజీ ఎక్కాను.

“సార్, జెర ఆగున్రి! నా ప్లాటు ఫైలు దాంట్లనే ఉన్నది!”

“పరేషాన్ గాకు వలీ, నేనున్న గద,” అని నా భుజం తట్టి, మంత్రిగారు నొక్కారు.

స్క్రీన్ మీద ‘జీరో ఫైల్స్’ అని పడింది.

“జీరో పెండింగ్!” అని ఆయన నా మైకులోనే ప్రకటించారు. దేశంలో ఏ మంత్రీ ఒక్క వేలితో ఇంత పని చేసి ఉండడు.

తర్వాతి నెలలో చిప్ పార్కుకు శంకుస్థాపన. జాగా దానం చేసింది బామ్మర్దిగారు. షామియానా వెయ్యమని భద్రయ్య ఫోను చేశాడు. వెళ్లి చూస్తే స్టేజీ సరిగ్గా నా ప్లాటులోనే. అయినా గడ్డపార పట్టుకున్నాను. పాతాల్సిన గుంజలు ఇంకా మిగిలే ఉన్నాయి, ఇంతలో కారు దిగి బామ్మర్దిగారు వచ్చారు.

“ఏందీ, ఎవర్నడిగి నా జాగల గుంతలు తీస్తున్నవ్?” అన్నారు. “సభ అయినంక మంచిగ పూడ్చిపో.”