రుజువు లేని పెళ్ళి

కూర్మమ్మ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త అసిరయ్యతో ఆటో ఎక్కి టౌనుకు వెళ్ళాలి, పెళ్ళి కాగితం పుచ్చుకోవాలి, పడవలు ఒడ్డుకొచ్చేవేళకు ఊళ్ళో ఉండాలి. మస్కట్‌లో కూతురు హేమకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. అక్కడికి వెళ్ళడానికి కూర్మమ్మ తీసుకోబోయే పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కాలంటే పెళ్ళి సర్టిఫికెట్ కావాలన్నారు. తల్లి పక్కన లేకుండా పిల్ల ఎలా నెగ్గుకొస్తుందోనని కూర్మమ్మకు నెలరోజులుగా కంటి మీద కునుకు లేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా జగన్నాధం కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"పెళ్ళయిందని రుజువేదమ్మా? శుభలేఖో, ఫోటోనో?"

"అప్పట్లో కార్డులేటి బాబూ, ఇంటింటికీ ఎల్లి బొట్టెట్టి పిలిసినారు. ముగ్గురు పిల్లలున్నారు, సాలదేటి?"

"పిల్లలు వేరు, పెళ్ళి వేరు. గవర్నమెంటు ఆ రెండూ కలపదమ్మా."

"మరి ముప్ఫై ఒక్క ఏడాదిగా ఈ మనిషితో నాను పడతన్నది ఏటి?"

"అది మీ సొంత విషయం. పెళ్ళి ఫోటో పట్రండి."

ఊరికి రాగానే సంగతి కూర్మమ్మ తమ్ముడు ధనరాజు చేతిలో పడింది. ఏ పనైనా ధనరాజు చేతిలో పడిందంటే ఇక అంతే.

"ఫోటో కోసం ఉత్తినే దండలేసుకుని నిలబడితే సన్మానం అనుకుంతారు బావా! తాళి కట్టాల, మేళం ఉండాల."

పెళ్ళిరోజున ఆ ఊళ్ళో పడవ కదలదు. అంచేత మర్నాడు నలభై పడవలు ఇసుక మీద పడుకున్నాయి, నలభై ఇళ్ళవాళ్ళూ భోజనానికి వచ్చి కూర్చున్నారు. అసిరయ్య పట్టుచొక్కాలో చెమటలు కక్కుతూ పీటల మీద కూలబడ్డాడు. పంతులుగారు పాత పుస్తెలు తీసి పక్కన పెట్టమన్నారు.

కూర్మమ్మ ఇంతెత్తున లేచింది. "నా మావ గుండ్రాయిలా ఎదురుగా ఉండగా పుస్తెలు తీస్తానా? నీ నోరు పడిపోనూ!"

పంతులుగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పాతవాటి మీదే కొత్తవి కట్టించారు. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

సోమవారం జగన్నాధం ఆ ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఈ మెడలో ముందే ఓ పుస్తెలతాడు ఉందే! అంటే మీకు ఇదివరకే పెళ్ళయింది."

"అయిపోనాదనే కద బాబూ మొత్తుకుంతన్నాను!"

"ఆ భర్త బతికున్నాడా?"

"ఓలమ్మో, ఆ మాటలేటి! సుబ్బరంగా ఉన్నాడు, నీ ఎదరే."

"అయితే విడాకుల కాగితం తెండి. మొదటి భర్త ఉండగా రెండో పెళ్ళి నేరం."

అసిరయ్య బల్ల గుద్దాడు. "మొదటోణ్ణీ నానే, రెండోవోణ్ణీ నానే!"

"మొదటివాడు మీరేనని రుజువు?"

అసిరయ్య బల్ల మీంచి చెయ్యి తీశాడు. "పోనీ, ఇడాకులే ఇచ్చీసుకుంతాం."

"ఇచ్చుకోండి. దానికి ముందు పెళ్ళి సర్టిఫికెట్ కావాలి."

కూర్మమ్మకు దుఃఖం ఆగలేదు. "నా గుంట ఆ ఎడారిలో ఒక్కర్తీ నొప్పులు పడతాది బాబూ!" అని అందరి ముందూ భోరుమంది. జగన్నాధం కూడా ఆడపిల్లల తండ్రే. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు, సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు. నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, కూర్మమ్మ నెమ్మదిగా అడిగింది.

"బాబూ, పాస్‌పోర్టులో పెళ్ళవలేదని రాయాలంతే రుజువేటి కావాల?"

జగన్నాధం రూల్సు పుస్తకం తిరగేశాడు. "ఏమీ అక్కర్లేదమ్మా. మీరు చెబితే చాలు."

"అయితే రాసీ. నాకు పెళ్ళవలేదు."

"ఒసే!" అన్నాడు అసిరయ్య.

"ఊరుకో మావా. మనవణ్ణి ఎత్తుకుని వచ్చీస్తాను. వచ్చినాక మళ్ళీ నిన్నే సేసుకుంతాను."

పాస్‌పోర్టు ఫారం జగన్నాధమే నింపిపెట్టాడు. అవివాహిత అన్నచోట టిక్కు పెట్టాడు. మనిషిని బాగా ఎరిగినవాళ్ళ పేరు రాయాల్సిన చోట అసిరయ్య పేరు రాశాడు. ఎన్నేళ్ళుగా తెలుసు అన్నదానికి ముప్ఫై ఒక్క ఏళ్ళు అని వేశాడు.

సంబంధం అన్న గడిలో మాత్రం, నిజాయితీగల ఉద్యోగి కనుక, 'ముఖపరిచయం' అని రాశాడు.